తోడుకోని పాలు

రోజూ పాలగిన్నె అంచుకు చిటికెన వేలు ఆనించి చూస్తాను. వేలు తట్టుకోగలిగితేనే తోడు వేస్తాను. ఆ వెచ్చదనం తగలగానే, మర్రిగూడలో ఇంటర్ చదివేటప్పుడు కెమిస్ట్రీ చెప్పిన సరళ మేడం గుర్తొస్తారు.

మేడంది ఆలంపూర్. మాట మెత్తన, మార్కుల్లో మాత్రం మహా పిసినారి. శక్తిని విడుదల చేసే ఎంజైములకూ, పాలలాగా సన్నటి రేణువులు తేలే కొల్లాయిడ్లకూ పోలిక చెప్పాలని, "రేపు మీ ఇంట్ల తోడేసిన పెరుగు పట్టుకరాండ్రి" అన్నారు. తెలంగాణ వచ్చిన కొత్త. మోకాళ్లు పట్టేసి నాయిన మంచం దిగడం లేదు. అమ్మతో పాటు నేనూ పత్తి ఏరితేనే ఇల్లు గడిచేది. ఆ సాయంత్రం చేను నుంచి వచ్చి, పొయ్యి మీంచి దించిన పాలల్లోనే తోడు వేసి పడుకున్నాను. తెల్లారి చూస్తే పాలు పాలలాగే ఉన్నాయి. గత్యంతరం లేక ఆ గిన్నే తీసుకెళ్లాను.

అందరివీ గడ్డపెరుగులు. నాది చూసి క్లాసంతా నవ్వింది. నాకు ఏడుపు ఆగలేదు.

"రేపటి సంది రాను మేడం. పత్తికి పోవాలె. నాకు సదువు ఎట్లగూ రాదు."

మేడం నా గిన్నె అందుకున్నారు. నా పాలు రెండు చుక్కలు గ్లాసు నీళ్లలో కలిపి టార్చి వేశారు. నీళ్లలో వెలుగు బాట తెల్లగా కనబడింది.

"సూడుండ్రి. గింత మరిగినా పాలు కొల్లాయిడుగనే ఉన్నయి. తోడుల సూక్ష్మజీవులుంటయి. వాటి ఎంజైములు పాలల్ల చక్కెరను ఇరగ్గొట్టి, అవి బతికే శక్తిని తీస్తయి. ఎంజైములు గూడ కొల్లాయిడంత సన్నటివే. కాని పాల రేణువులు ఊకె తేలుతయి, ఇవి పనిచేస్తయి. పనిచేసేటివే వేడికి ఆగలేదు. మీ గిన్నెలతోని పాఠం సగమే అయితుండె. ఈ పిల్ల గిన్నెతోని పూర్తయింది."

నవ్వినవాళ్లు తలలు వంచుకుని రాసుకున్నారు. క్లాసయ్యాక మేడం నన్ను పిలిచారు.

"రానంటివి గద, రాకు. రేపొక్కనాడు మాత్రం, పాలు గోరువెచ్చగైనంక తోడేసి పట్టుకరా."

తీసుకెళ్లాను. చెంచాతో రుచి చూసి, "పుల్లగున్నది. ఎల్లుండి ఇంకోటి తే" అన్నారు. అలా ఎన్ని గిన్నెలు అడిగారో. పత్తి పని ఆదివారాలకు మారింది, నేను పరీక్ష రాశాను. పెరుగు కుదరనందుకు మాత్రం చాలాకాలం సిగ్గుపడ్డాను.

ఇప్పుడు మేడం లేరు. నేను చిట్యాలలో అదే కెమిస్ట్రీ చెబుతున్నాను. మొన్న రేణుక అనే విద్యార్థిని, "రేపటి సంది రాను మేడం" అంది. నోటిదాకా వచ్చిన మందలింపు మింగేసి, పెరుగు తెమ్మన్నాను.

ఈ పొద్దున మూతపెట్టిన గిన్నెతో వచ్చింది. చెంచాతో తీసి నోట్లో పెట్టుకున్నాను. కమ్మగా, తియ్యగా ఉంది.

"పుల్లగున్నది," అన్నాను. "ఎల్లుండి ఇంకోటి తే."