పడుకోబెట్టి తీసిన గుండె పటం

మా అవ్వకు, అంటే నన్ను కన్న తల్లికి, మూడు మంచి పళ్ళు పీకించింది నేనే. ఆరు నెలల్లో ఒకదాని తర్వాత ఒకటి, తాండూరు అంగడిలో గోనెపట్టా పరుచుకుని కూర్చునే పళ్ళాయన చేత. ఆ మూడింటిలో ఒక్కటి కూడా పుచ్చిపోయింది కాదు.

అరవైల మొదటి సంవత్సరాలవి. తాండూరు బడిలో నాకు పంతులు ఉద్యోగం వచ్చి రెండేళ్ళయింది. మా ఊరు వికారాబాదు పక్కన గుట్టల కింద ఉంటుంది. మాది గొర్లు కాసే ఇల్లు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అక్కకు పెళ్ళయినా బావ మా ఇంటికే వచ్చి ఉండడంతో, అవ్వా వాళ్ళూ కలిసి మందను చూసుకునేవాళ్ళు. ఇంట్లో అక్షరం ముక్క వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. మొదట ఉర్దూ, తర్వాత తెలుగు, పైన కాస్త ఇంగ్లీషు. ఆ చదువుతో పాటు నాకు ముక్కు మీద కోపం కూడా వచ్చింది. ఎవరైనా ఒక మాట రెండోసారి చెబితే భరించలేకపోయేవాణ్ణి. నెలలో పది రోజులు అవ్వ నా దగ్గర తాండూరులో ఉండేది, మిగతా రోజులు ఊళ్ళో.

ఒకనాడు అన్నం పెడుతూ చెప్పింది. "గుట్టెక్కుతుంటే దవడ గుంజుతున్నది కొడుకా. గీ ఎడమ దిక్కు. జరసేపు నిలవడితే పోతది."

రోగం మొత్తం ఆ నాలుగు ముక్కల్లోనే చెప్పేసింది. తర్వాత నేను చదివిన ఏ వైద్యం పుస్తకంలోనూ అంతకంటే ఎక్కువ లేదు. ఎక్కితే వస్తుంది, ఆగితే పోతుంది. నేను మాత్రం దవడ అన్న మాట ఒక్కటే చెవిన వేసుకున్నాను. దవడ అంటే పన్నేనని తేల్చేసి, వచ్చే అంగడి రోజున తీసుకుపోయాను.

పళ్ళాయన నోరు తెరిపించి వెలుతురుకు తిప్పి చూశాడు. అవ్వకు నవ్వొచ్చింది. "గొర్రె పన్ను జూసినట్టు జూస్తుండు. నా వయసు నన్నడిగితే నేనే చెప్త గద," అంది. అతను పన్ను కదిలించి చూసి, "ఇది రాయి లెక్కుంది సార్. నొచ్చే పన్నుగాదు," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. గోనెపట్టా మీద కూర్చునేవాడు పంతులుకు చెప్పేదేమిటని. "నొస్తుందని ఆమె చెప్తుంటే నువ్వెవరివి కాదనడానికి, పీకు," అన్నాను. పీకాడు.

విచిత్రమేమిటంటే, నొప్పి పోయింది. నెత్తురు కారుతుందని నాలుగు రోజులు గడప దాటనివ్వలేదు. గంజి తాగి గొంగడి మీద పడుకుంది. గుట్ట ఎక్కలేదు, మంద వెనక నడవలేదు, నొప్పి రాలేదు. నా వైద్యం ఫలించిందని బడిలో అందరికీ చెప్పుకున్నాను. ఊరికి పోయిన మూడో రోజున మళ్ళీ గుంజిందట. అయితే పక్క పన్ను అన్నాను. మూడోసారి కూడా అదే జరిగింది. పీకిన ప్రతిసారీ విశ్రాంతి తీసుకుంది కాబట్టి ప్రతిసారీ తగ్గింది. ఇంత చిన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

తట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. పోలీసు చర్య జరిగిన ఏడాది ఊళ్ళో మగవాళ్ళంతా ఎక్కడెక్కడో తలదాచుకుంటే, అవ్వ ఒక్కతే మందను తోలుకుని తాండూరు దాటి కన్నడం మాట్లాడే ఊళ్ళ దాకా పోయింది. నన్నూ వెంట తీసుకుపోయింది. రెండు నెలలు తిరిగాం. నెత్తి మీద మూట, చంకలో అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల, అయినా ఆమె నడకను నేను అందుకోలేకపోయేవాణ్ణి. వెనక్కి తిరిగి, "నడువు కొడుకా, నీకంటె గొర్రెపిల్ల నయం," అనేది. అంత నడక నడిచిన మనిషికి గుండె జబ్బు రాదని నాలో ఎక్కడో గట్టిగా పాతుకుపోయి ఉండాలి. గుండె జబ్బు మెత్తటి పరుపుల మీద కూర్చునే షావుకార్లకు వస్తుందనుకునేవాణ్ణి.

మూడో పన్ను పోయాక ఎండాకాలంలో ఒకరోజు తాండూరు స్టేషన్ నుంచి ఇంటికి వస్తూ దారిలోనే కూలబడింది. ముఖమంతా చెమట. ఎడమ చెయ్యి మోచేతి దాకా బరువెక్కిందని, దమ్ము ఆడడం లేదని అంది. నాపరాళ్ళ బండి తోలే ఒకాయన నీళ్ళిచ్చాడు. పది నిమిషాలకు లేచి, "పోదాం పా, ఏం లేదు," అంది. ఈసారి నాకు భయమేసింది. మా బడి పెద్ద పంతులు, పట్నంలో పెద్ద దవాఖాన ఉందనీ, అక్కడ గుండెకు పటం తీస్తారనీ చెప్పాడు.

పట్నం దవాఖానలో మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చున్నాక పిలిచారు. అప్పటికి అవ్వకు ఏ నొప్పీ లేదు. మంచం మీద పడుకోబెట్టి చేతులకూ కాళ్ళకూ పట్టీలు కట్టారు. మిషను సన్నటి కాగితం పట్టీని బయటికి వదులుతోంది, దాని మీద ఎగుడుదిగుడు గీత. అవ్వ తల తిప్పి నా వంక చూసి అడిగింది.

"పండవెట్టి చూస్తే ఏం దెలుస్తది కొడుకా? పొట్టేలును కొనేటప్పుడు పండవెట్టి చూస్తమా? లేపి, నాలుగడుగులు మిట్ట ఎక్కిచ్చి, దమ్మెట్ల పీలుస్తదో చూస్తం గద. నన్ను జర నడిపిచ్చి చూడమను."

మిషను ఆయన నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. "ఊకో అవ్వా, ఇది గొర్ల సంత గాదు," అన్నాను. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది. మనిషిని నడిపించి, ఆయాసపడేలా చేసి పటం తీసే పరీక్ష ఒకటి ఉందని తర్వాత చాలా ఏళ్ళకు తెలిసింది. గొర్లు కాసుకునే మనిషి తన బుద్ధితో తాను అడిగింది ఆ పరీక్షనే.

పటం చూసిన డాక్టరు మంచివాడు. బయట అంతమంది కాచుకుని ఉన్నా కూర్చోబెట్టి, నొప్పి ఎక్కడ, ఎప్పుడు వస్తుందని ఉర్దూలో అడిగాడు. అడిగింది ఆమెను. జవాబు చెప్పింది నేను. పళ్ళ బాధ ఎక్కువండీ, మొన్న ఎండకు కళ్ళు తిరిగాయి, కడుపులో గ్యాసు కూడా ఉండొచ్చు, అని గడగడా ఒప్పజెప్పాను. నా ఉర్దూ బాగుందని డాక్టరు మెచ్చుకున్నాడు కూడా. గుట్ట సంగతి చెప్పలేదు. ఆగితే పోతుందన్న సంగతి చెప్పలేదు. ఆయన విన్నదాన్ని బట్టి, చూసిన గీతను బట్టి, కాగితం మీద నార్మల్ అని రాసి, బలానికి మందు రాశాడు. అవ్వ ఏదో చెప్పబోతే నేను చెయ్యి పట్టుకుని లేపాను. బయట మా వెనక ఇంకా ముప్పై మంది ఉన్నారు.

ఆ కాగితాన్ని ఊళ్ళో అందరికీ చదివి వినిపించాను. ఆ తర్వాత అవ్వ ఎప్పుడు దవడ అన్నా, దమ్ము అన్నా, పెట్టెలోంచి అది తీసి, "ఇగో, పట్నం డాక్టరు రాసిండు, నీకేం లేదు," అనేవాణ్ణి. రెండుసార్లు మెల్లగా అన్నాను. మూడోసారి అరిచాను. "పనికి బద్ధకమైతే బద్ధకమని చెప్పు," అని కూడా అన్నాను. నాకంటే రెండింతలు పనిచేసే మనిషిని. ఆ రోజు నుంచి ఆమె నోట నొప్పి అన్న మాట రాలేదు. చూశావా, కాగితం మందులా పనిచేసిందని అక్కతో అన్నాను. అక్క చీపురు తీసుకుని దొడ్డిలోకి పోయింది.

ఆ మధ్యనే అవ్వకు కొత్త అలవాటు ఒకటి మొదలైంది. నాతో తాండూరు బజారులో నడుస్తున్నప్పుడు ప్రతి ఇంటి ముందూ ఆగి పలకరించేది. ముక్కూ మొహం తెలియనివాళ్ళను కూడా. ఎవరూ లేకపోతే నాపరాళ్ళ దొంతర ముందు నిలబడి, ఇవి ఏ గనివి, ఎంత నున్నగున్నయో, అంటూ చేత్తో తడిమేది. చెప్పు సర్దుకునేది. కొంగు విప్పి మళ్ళీ దోపుకునేది. ముసలితనం వస్తే మనుషులకు మాటలు ఎక్కువవుతాయనుకుని విసుక్కున్నాను. ఒకసారి ఆమె ఆగుడు వల్ల రైలు తప్పిపోతే ప్లాట్‌ఫారం మీద నలుగురిలో కసురుకున్నాను.

మరుసటి ఏడాది చలికాలంలో నాకు జ్వరం తగిలి ఊరికి పోతే, అవ్వ నాకు తోడుగా వికారాబాదులో ఒక పెద్ద వయసు డాక్టరు దగ్గరికి వచ్చింది. ఆయన గది ఏడెనిమిది మెట్ల పైన ఉండేది. కిటికీలోంచి మమ్మల్ని చూసినట్టున్నాడు. నా జ్వరం సంగతి పక్కన పెట్టి, ముందు ఆమెను అడిగాడు.

"అవ్వా, మెట్ల నడుమ ఎందుకు ఆగినవ్?"

అవ్వ నా ముఖం చూసింది. "చెప్పు ఊడితే సదురుకున్న సార్."

"ఎక్కుతుంటే రొమ్ములో పట్టేసినట్టు అయితదా? చెయ్యి గుంజుతదా? దవడ?"

మళ్ళీ నా ముఖం చూసింది. "ఏం లేదు సార్. మా కొడుకు పట్నంల చూపిచ్చిండు. అంత మంచిగుందట."

ఔనండీ అని నేనూ అందుకున్నాను. పటం తీయించామని, నార్మల్ అన్నారని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి నెమ్మదిగా మాట్లాడాడు. "మాస్టారూ, ఆ పటం తీసిన రెండు నిమిషాల సంగతే అది చెప్తది. హాయిగా పడుకుని ఉన్నప్పుడు గుండె తన పని తాను చేసుకుంటది. బరువు మీద పడ్డప్పుడే దాని బాధ బయటపడతది. పటం బాగున్నా గుండెకు నెత్తురు చాలని మనుషుల్ని నేను చాలామందిని చూసిన. నడిస్తే వచ్చి, ఆగితే పోయే నొప్పి రొమ్ములోనే ఉండాలని లేదు. భుజం, చెయ్యి, దవడ, కడుపు పైభాగం, ఎక్కడైనా రావచ్చు. ఆడవాళ్ళల్ల ఒక్కోసారి ఉత్త ఆయాసమే, అలుపే. అందుకే ముందు మనిషి చెప్పేది వినాలె, తర్వాత పటం చూడాలె."

దవడ అన్నప్పుడే నాకు అర్థమైంది. మూడు పళ్ళూ కళ్ళ ముందు కనిపించాయి. ఆ క్షణంలో నోరు తెరిచి, ఆమె అబద్ధం చెబుతోందండీ, నేనే పళ్ళు పీకించానండీ, అని చెబితే సరిపోయేది. చెప్పలేకపోయాను. ఆయన ముందు బుద్ధిలేనివాడిలా నిలబడడానికి సిగ్గేసింది. ఈసారి ఈమెను ఒక్కదాన్నే తీసుకురండి, నాలుక కింద పెట్టుకునే గోలీలుంటయి, చూసి ఇస్తాను, అన్నాడాయన. సంక్రాంతి సెలవులకు తెస్తానన్నాను.

ఇంటికి పోయేటప్పుడు అడిగాను, "నిజంగ ఏం లేదా అవ్వా?" అని.

"లేదు కొడుకా. నువ్వు ఫికర్ వెట్టుకోకు."

ఆ మాట నమ్మితే నాకు సుఖం. అందుకని నమ్మాను.

సెలవులకు ఇంకా పన్నెండు రోజులుండగా తాండూరుకు మనిషి వచ్చాడు. పొద్దున్నే మందతో గుట్ట ఎక్కుతూ సగం దారిలో బండకు ఆనుకుని కూర్చుందట. ఎప్పుడూ కూర్చునే చోటే కాబట్టి లేస్తుందిలే అనుకుని బావ గొర్లను తోలుకుని ముందుకు పోయాడు. తిరిగొచ్చేసరికి అలాగే ఉంది.

కార్యం అయ్యాక, వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక అక్కను అడిగాను. "ఎప్పుడూ కూర్చునే చోటంటే ఏంది? నీకు తెలుసా?"

"ఊరందరికి తెలుసు తమ్మీ. గుట్ట మీద ఆరు చోట్ల కూసునేది. నెత్తి మీది మూట ఎవలో ఒకలు అందుకునేటోళ్ళు."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అరిచాను. అప్పుడు కూడా అరిచాను.

అక్క బెదరలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, మామూలుగానే చెప్పింది. "నీకు చెప్పొద్దని నాతోని ఒట్టు వెట్టిచ్చుకుంది. నువ్వొచ్చే దినం చీకటితోనే లేచి నీళ్ళు, కట్టెలు, దొడ్డి పని అంత చేసుకునేది. నడుమనడుమ కూసుంటు, దమ్ము తీసుకుంటు చేసేది. నువ్వు రైలు దిగొచ్చేటాల్లకు ఏ పని మిగలొద్దు, నీ ముందర నడిచే పని పడొద్దని."

నేను ఊరికి వచ్చిన ప్రతిసారీ అవ్వ అరుగు మీద కూర్చుని ఉండేది. నా కాళ్ళకు నీళ్ళు కూడా అక్కే తెచ్చేది. సాయంత్రం దాకా అవ్వ నా పక్క నుంచి లేచేది కాదు. కొడుకును చూసుకోవడానికి ఇంత తపన పడుతుందని, ఆ రెండేళ్ళూ నేను ఎంత మురిసిపోయానో.