జోలపాటలో ఆగిన గొంతు

సూర్యాపేటలో ఒక మహిళా సహాయ కేంద్రంలో మూడేళ్లు కేస్ వర్కర్‌గా చేసి, ముప్పై నిండకముందే మానేశాను. దిక్కుతోచక వచ్చిన ఆడవాళ్ల వివరాలు రాసుకుని, వాళ్లను ఇంటికి చేర్చడం ఆ ఉద్యోగం. నేను చేరిన రెండో ఏడు, ఫిబ్రవరిలో ఒక సోమవారం, కోదాడ నుంచి మహిళా కానిస్టేబుల్ ఒక ఇరవై ఏళ్ల అమ్మాయిని తీసుకొచ్చింది.

"పొద్దుట్నుంచి బస్టాండ్‌లోనే కూర్చుందండి. తెలుగు రాదు, హిందీ రాదు. ఏమడిగినా బిక్కచూపులే," అని చెప్పి, అప్పగింత కాగితం మీద నా సంతకం తీసుకుని వెళ్లింది.

నేను హైదరాబాద్‌లో పెరిగినదాన్ని. ఫోన్‌కు తెలియనిది ఉండదనుకునేదాన్ని. అనువాదం యాప్ తెరిచి ఆమె నోటి ముందు పెట్టాను. అది ఒక్కోసారి ఒక్కో భాష పేరు చూపించింది, ఎక్కువసార్లు బెంగాలీ అంది. మా ఫారంలో మాతృభాష గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ ముందుకు పోనివ్వదు. బెంగాలీ అని టైప్ చేసేశాను. ఆమెను కోల్‌కతా పంపాలి, తోడుగా పోలీసును ఇవ్వండని లేఖ కూడా పెట్టాను. బెంగాలీ వచ్చిన ఒకాయనను ఫోన్‌లో కలిపితే ఆమె పలకలేదు. మొండితనం అనుకుని అరిచాను. దాంతో ఆమె నోరు తెరవడమే మానేసింది.

బుధవారం పొద్దున మా ఆయా యాదమ్మ నా టేబుల్ ముందు నిలబడింది.

"మేడం, ఆ పిల్ల జాకెట్ సూసినవా? పాలొచ్చి తడిసిపోయింది. జరం గూడ ఉంది. యాడనో పసిగుడ్డును ఇడిసొచ్చింది. నువ్వేమో గా ఫోన్ల మొఖం పెట్టి కూసున్నవ్."

లేచి పోయి ఆమెకు జ్వరం మాత్ర ఇప్పించాను.

ఆ మధ్యాహ్నం ఆమె దుప్పటిని మడిచి ఒళ్లో పెట్టుకుని సన్నగా పాడుతోంది. తలుపు బయట నిలబడి రికార్డు చేశాను. మన జోలపాటల్లో పాదం చివర గొంతు సాగుతుంది. ఆమె పాటలో కొన్ని మాటల చివర గొంతు టక్కున మూసుకుంటోంది, గుటక మింగినట్టు. ఆ రికార్డును బెంగాలీ ఆయనకు పంపాను. ఇది తమ భాష కాదని, ఇలా గొంతు ఆపడం తమలో లేదని వెంటనే చెప్పాడు.

గురువారం ఆ రికార్డు పట్టుకుని మిర్యాలగూడ రైసు మిల్లులకు పోయాను. అక్కడ పనివాళ్లు నాలుగైదు రాష్ట్రాల వాళ్లు. మొదటి మిల్లులో బిహార్ హమాలీలు విని తల అడ్డంగా ఊపారు. రెండో మిల్లులో సంచులు కుట్టే ఒడిశా ఆయనకూ మాటలు తెలియలేదు. కానీ ఇలా మాట మింగేవాడు తమ బాయిలర్ దగ్గర ఒకడున్నాడని వెంట తీసుకెళ్లాడు.

బాయిలర్ మనిషి చేతులు తుడుచుకుని రెండుసార్లు విన్నాడు. "సంతాలీ. మా ఆదివాసుల బాసనే," అన్నాడు. "మా అమ్మ గిట్లనే పాడతది."

అక్కడి నుంచే యాదమ్మకు వీడియో కాల్ చేశాను. అతను ఒక్క మాట అన్నాడో లేదో, ఆ అమ్మాయి యాదమ్మ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. ఇక ఆగకుండా మాట్లాడింది, అతను నాకు తెలుగులో చెప్పాడు. ఇల్లు మాడుగులపల్లి దగ్గర ఇటుక బట్టీలో. బిడ్డకు జ్వరం మందు కోసం మిర్యాలగూడ వచ్చి, తిరిగి పోయేటప్పుడు వేరే బస్సు ఎక్కింది. ఐదు నెలల కూతురు ఆడబిడ్డ దగ్గర ఉంది.

బాయిలర్ మనిషి, నేను బట్టీకి చేరేసరికి ఆ పసిదానికి ఏడ్చే ఓపిక కూడా లేదు. నాలుగు రోజులు గంజినీళ్లు పట్టారు. తండ్రి మిర్యాలగూడ వీధుల్లో భార్యను వెతుకుతూ తిరుగుతున్నాడు. పాపను దవాఖానకు తెచ్చి సెలైన్ ఎక్కించాక, తల్లిని తీసుకుని యాదమ్మ వచ్చింది. పాప బతికింది.

"నాలుగు రోజులు ఏం చేస్తున్నారమ్మా?" అని డాక్టర్ నన్ను అడిగింది.

ఆ మాతృభాష గడిలో తెలియదు అని రాసి ఉంటే సోమవారమే వెతికేవాళ్లం. బెంగాలీ అని రాయడంతో వెతకడం ఆగిపోయింది. ఆ నాలుగు రోజుల్లో మొదటి రెండు నా ఖాతాలోవే. ఉద్యోగం మానేసేదాకా, తెలియనప్పుడు ఆ గడిలో తెలియదు అనే రాశాను.