మోస్రా రాజన్న నాలుక, బందరు దారి

1964 జనవరిలో నన్ను వర్ని సెక్షన్‌లో సహాయ చెరకు అధికారిగా వేశారు. సెక్షన్ అంటే చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలే కొన్ని ఊళ్ల కూడిక. ఆ ఊళ్లలో నాట్లు వేయించడం, కోతకు వంతులు నిర్ణయించడం మా పని. ఆ ఉద్యోగంలో నేనింకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను.

ఆ ఏడు, తొందరగా పక్వానికొచ్చే కొత్త రకం చెరకును నాటించాలని పైనుంచి ఒత్తిడి వచ్చింది. మా సెక్షన్ ఊరు మోస్రాలో రాజన్న అనే పెద్ద రైతు ఏది నాటితే చుట్టుపక్కల వాళ్లందరూ అదే నాటేవారు. అందుకని ఆయన్ను కృష్ణా జిల్లాకు తీసుకెళ్లి, ఆ రకం పండే తోటలు చూపించి, ఒప్పించుకు రమ్మని మా చీఫ్ కేన్ ఆఫీసర్ ఆర్డరు ఇచ్చారు. ఉయ్యూరు దగ్గర ఒక తోట, అది నచ్చకపోతే బందరు అవతల మరొకటి. రైతు ఒప్పుకున్న మరుక్షణం జీపు వెనక్కి తిరగాలని అందులో స్పష్టంగా ఉంది. ఒప్పుకోకపోతే నన్ను ఖాయం చేసే సంగతి మళ్లీ ఆలోచించాల్సి వస్తుందని మాత్రం నోటిమాటగా చెప్పారు.

రైతు దగ్గర దాపరికం పనికిరాదని శిక్షణలో నేర్పారు కాబట్టి, నిజామాబాద్‌లో జీపెక్కగానే ఆ ఆర్డరును పొల్లుపోకుండా రాజన్నకు చదివి వినిపించాను. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు. తర్వాత దారంతా తన పొరుగు చేల వాళ్ల గురించే మాట్లాడాడు. వాళ్లు ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద స్థిరపడ్డవాళ్లు. వాళ్ల ఊరి హోటళ్ల గురించి, సముద్రం గురించి చెప్పి చెప్పి ఆయన ప్రాణం తీసేవారట.

బెజవాడలో పొద్దున్నే ఒక హోటల్లో దిగాం. పెసరట్టు, ఉప్మా అయ్యాక, రైతును సంతోషపెట్టాలని బందరు హల్వా తెప్పించాను. రాజన్న రెండు ప్లేట్లు తిని, ఒక పొట్లం కట్టించుకున్నాడు.

"సముద్రం ఇంకెంత దూరముంటది సారూ?" అని అడిగాడు.

మన కార్యక్రమంలో సముద్రం లేదని చెప్పాను.

మా ప్రాంతంలో చెరకును పరీక్షించే పద్ధతి ఒకటుంది. గడ మొదట, నడుమ, కొసన ఒక్కో కణుపు విరిచి, నమిలి, పిప్పి ఉమ్మి, అప్పుడు తీర్పు చెబుతారు. ఉయ్యూరు తోటలో రాజన్న అంతా అలాగే చేసి, నా వైపు తిరిగాడు.

"సప్పగున్నది సారూ."

వెంటనే సంచిలోంచి చేతి గొట్టం తీశాను. దాని అద్దం మీద రసం చుక్క వేసి వెలుతురుకు పట్టి చూస్తే, రసం ఎంత చిక్కగా ఉందో అంకె కనిపిస్తుంది. దాన్ని మేము బ్రిక్స్ అంటాం. ఆ అంకె బ్రహ్మాండంగా ఉంది. రాజన్న కూడా ఒక కన్ను మూసి గొట్టంలోకి చూశాడు.

"మంచిగనే ఉన్నది. గని గీ గొట్టం చెరుకు నమిలిందా సారూ?" అన్నాడు.

ఆ రాత్రి బందరు లాడ్జిలో దిగాం. ఉన్నది ఒక్కటే దోమతెర. దాన్ని రైతుకు ఇవ్వాలని ఆర్డరులో లేకపోయినా ఇచ్చాను. తెల్లవారి టీ వచ్చింది. రాజన్న ఒక గుక్క తాగి, అందులో చక్కెరే లేదన్నాడు. నా టీ పాకంలా ఉంది. చూద్దును కదా, ఆయన చేతిలో హల్వా పొట్లం! నిన్నటి సంగతి అప్పుడు వెలిగింది. తీపి తిన్న నోటికి చెరకు చప్పగా కాక ఇంకెలా ఉంటుంది? ఆ మాట ఆయనతో అనడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. మోస్రాలో రాజన్న నాలుకకు వంక పెట్టినవాడు లేడు.

ఆయన మనసు మెత్తబడుతుందని, అడిగిందే తడవుగా సముద్రం దగ్గరికి తీసుకెళ్లాను. మోకాళ్ల లోతుకు దిగి, దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేశాడు.

"మా పక్క సేనోళ్లు సెప్పింది నిజమే," అన్నాడు.

కారం తిన్న నోటికి చెరకు తియ్యగా తగులుతుందని, మధ్యాహ్నం కావాలనే ఒక మెస్సుకు తీసుకెళ్లాను. గోంగూర, ఆవకాయ, చేపల పులుసు, దేనికదే నిప్పు. మా డ్రైవరు దేవదానం మెథడిస్టు క్రైస్తవుడు. కళ్లు మూసుకుని ప్రార్థన చేయందే ముద్ద ముట్టడు. ఆయన ప్రార్థన ముగిసేలోగా నెయ్యి గిన్నె మా వరస దాటిపోయింది.

"తమరు కళ్లు తెరవలేదండీ, వద్దనుకున్నానండీ," అన్నాడు వడ్డించే మనిషి.

రాజన్న కళ్లు తుడుచుకుంటూ గోంగూర మూడుసార్లు వేయించుకున్నాడు. సాయంత్రం రెండో తోటలో నడిమి కణుపు నమిలి, "బెల్లమే సారూ, ఒట్టి బెల్లం!" అన్నాడు. జీపు వెనక్కి తిరిగింది.

నాలుక, ఆహారం, చెరకు పరీక్ష అనే విషయం మీద నేను సమర్పించిన టూరు రిపోర్టును చీఫ్ మెచ్చుకున్నారు. నన్ను ఖాయం చేశారు. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

మరుసటి ఏడు మోస్రాలో కొత్త రకం కోతకు వచ్చినప్పుడు, ఇక దాచడమెందుకని రాజన్నకు హల్వా సంగతీ గోంగూర సంగతీ చెప్పేశాను. ఆయన గట్టు మీద కూలబడి నవ్వాడు.

"తోట మొదటి దినమే నచ్చింది సారూ. గని అప్పుడే ఔనంటే మీరు జీపు మర్లగొడ్తుండిరి గద! బందరు దాంక వోయి సముద్రం సూడలేదంటే మా పక్క సేనోళ్లు నన్ను బతకనిస్తరా?"

"మరి ఆ గోంగూర?"

"గది మంచిగుండె."

ఉద్యోగం ముగిసేదాకా ఎందరో రైతులను టూర్లకు తీసుకెళ్లాను. ప్రతి కార్యక్రమంలో చూడవలసిన ఊరు, తినవలసిన హోటలు ముందు వేసి, తోటను చివర వేశాను. చెరకు చప్పగా ఉందని మళ్లీ ఎవరూ అనలేదు.