ఇరవయ్యో ఇంటి సంగటి

దయ్యాల కథలు చెప్పేవాళ్లను నేను గడప తొక్కనిచ్చేవాణ్ణి కాదు. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

యుద్ధం ముగిసిన కొత్తలో చెన్నపట్నంలో బి.ఎ. చదువుతున్నాను. అర్థశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, రెండూ. మాది వేలూరు పక్క పాత పాళెగాళ్ల వంశం. అప్పటికి మిగిలింది పేరూ, నేనూ. కాలేజీ ఫీజు మాఫీ కావాలంటే సెలవుల్లో గుడియాత్తంలో ఇరవై నేతగాళ్ల ఇళ్లు తిరిగి, వాళ్ల బతుకుతెరువు మీద నివేదిక రాసుకురమ్మన్నారు అర్థశాస్త్రం పంతులుగారు.

రోజూ కాట్పాడిలో రైలెక్కి, లత్తేరి దాటి వెళ్లేవాణ్ణి. ఆ ఇళ్లలో మధ్యాహ్నం పూట ఎవరొచ్చినా ఇంత పెట్టనిదే పంపరు. నేను ప్రతి ఇంట్లోనూ “తిని వచ్చాను” అనేవాణ్ణి. అది అబద్ధం. ఒకరు పెట్టింది తినడానికి నా వెన్ను వంగేది కాదు. ఆ సెలవులన్నీ నాతో మాట్లాడింది నా ప్రశ్నలకు జవాబులు చెప్పినవాళ్లే.

చివరి రోజు, ఇరవయ్యో ఇల్లు. ముందురోజు నుంచి ఏమీ తినలేదు. లోపల మగ్గం పక్కన ఒక అవ్వ కండెలకు నూలు చుడుతోంది. అడిగినవన్నీ చెప్పింది, రాసుకున్నాను. లేవబోతుంటే ఆకు వేసింది.

“తిని వచ్చాను,” అన్నాను.

“నోరు తినిందంటాది, కండ్లు లేదంటాయి. దేన్ని నమ్మేది నాయనా?” అని నవ్వింది. “నా సంగటి తింటే మీ పాళెగాళ్ల మీసం రాలిపోతాదా? కూసో.”

నా వంశం సంగతి నేను చెప్పలేదు. కూర్చున్నాను. రాగి సంగటి, చింతపండు పులుసు. కడుపు నిండా తిన్నాను. తింటున్నానో లేదో ఎదురుగా కూర్చుని ఒకరు చూసి ఎన్నేళ్లయిందో!

చేయి కడుక్కుని బయటికి వచ్చాను. వీధిలో పడుగు దారాలు సరిచేస్తున్న పొరుగాయన అడిగాడు.

“ఆ అరుగు మీద ఒంటిగా ఇంతసేపు ఏం చేస్తా ఉంటివప్పా?”

“లోపల అవ్వ అన్నం పెట్టింది.”

“యా అవ్వ? ఆమె సచ్చిపొయ్యి ఆర్నెల్లాయ. తాళం చూడు.”

చూశాను. తుప్పు పట్టిన తాళం. నా చేయి ఇంకా తడిగానే ఉంది. రాసుకున్న జవాబులు చదివి వినిపించాను. కొడుకు ఏ ఊరు పోయాడు, మగ్గం ఎప్పుడు ఆగింది, అన్నీ నిజమేనన్నాడు.

ఆకలిగొన్న మనసు అన్నాన్ని చూస్తుందన్నారు మనస్తత్వశాస్త్రం పంతులుగారు. జవాబులు పక్కిళ్లలో విని మరచిపోయి ఉంటానన్నారు. అర్థశాస్త్రం ఆయన, “ఆ ఇల్లు కొట్టేసి ఇంకొకటి రాసుకురా, మాఫీ ఇప్పిస్తా,” అన్నారు.

తిన్న ఇంటిని నా చేత్తో కొట్టేయలేనన్నాను. మాఫీ రాలేదు. చదువు అక్కడితో ఆగింది.

వాళ్లిద్దరి మాటా కాదనను. కానీ ఆ సాయంత్రమూ, మరునాడంతా నాకు ఆకలి వేయలేదు. మనసు కల్పించిన సంగటితో కడుపు ఎలా నిండిందండీ అని మనస్తత్వశాస్త్రం ఆయన్నే అడిగాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, ఇరవయ్యో ఇంటి జవాబులు మళ్లీ మొదటి నుంచి చదవసాగారు.