రాలిన దురియాన్ పూల పచ్చడి

మలేసియాలో ఇపో ఊరి దగ్గర తోట చేసుకునే మా అప్పారావు మావయ్య ఫోన్‌లో అంత ఉత్సాహంగా మాట్లాడడం అరుదు. "దురియాన్ పూత ఇరగబూసినాది పాపా, ఈ వారమే వచ్చి సూడు" అన్నాడు. పనసకాయల్లాంటి ఆ ముళ్ల కాయలు నిరుడు కాపుకు రాలేదు. ఈ ఏడూ కాయకపోతే తాతయ్య నాటిన ఆ పదకొండు చెట్లనూ కొట్టించి అరటి వేస్తానని ముందే చెప్పి ఉన్నాడు. అయినా నేను "వచ్చే శనివారం వస్తాలే" అన్నాను. కౌలాలంపూర్ నడిబొడ్డున బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉండేవాళ్లకు ఎప్పుడూ ఏదో ఒక పని తగులుతూనే ఉంటుంది.

ఆ శనివారం పొద్దున ఏడున్నరకు కేఎల్ సెంట్రల్ స్టేషన్‌లో రైలెక్కాను. టికెట్ నలభై రింగిట్ల దాకా అయింది. శనివారాలు సీట్లు దొరకవు, ముందే కొనుక్కోవాలి. పది దాటాక ఇపోలో దిగి కారు మాట్లాడుకున్నాను. తోటకు అరగంట ప్రయాణం, ఇరవై అయిదు రింగిట్లు. డ్రైవరు తమిళాయన. "మూడు రోజులుగా ఒకటే వానమ్మా. ఇవాళే తెరిపిచ్చింది, మీ అదృష్టం" అన్నాడు తమిళంలో. నేనూ అలాగే అనుకుని మురిసిపోయాను.

తోటలోకి వెళ్లేసరికి చెట్ల కింద నేలంతా మీగడ రంగు పూలు. "అబ్బ, ఎంత బాగుంది మావయ్యా!" అంటూ వరసగా ఫోటోలు తీశాను. మావయ్య ఆ పూలను చీపురుతో కుప్ప చేస్తున్నాడు. "జాగర్త, బురదగున్నాది" అని మాత్రం అన్నాడు. దురియాన్ పూలు తెల్లారేసరికి రాలతాయని చిన్నప్పటి నుంచి తెలిసిందే కాబట్టి నాకు ఏ అనుమానమూ రాలేదు.

మధ్యాహ్నం అత్త ఆ పూలతోనే చేసిన పచ్చడి వడ్డించింది. కేసరాలు ఏరి, పచ్చిమిర్చి, ఎండు రొయ్యలు వేసి నూరిందట. "ఎంత రుచిగా ఉందత్తా, ఇంకాస్త వెయ్యి" అని లొట్టలేశాను. "తిను లా. ఈసారి బోలెడున్నాది" అంది, ఇక్కడి మలయ్ వాళ్ల లాగే మాట చివర 'లా' తగిలించి.

మావయ్య లేచి వెళ్లి ఒక పువ్వు తెచ్చి నా కంచం పక్కన పెట్టాడు. "నడుమ ఏటున్నాదో సూడు." రేకుల మధ్య చిన్న పచ్చటి బొడిపె.

"మంచి ఏడైతే రేకులే రాల్తాయి. ఈ బొడిపె కొమ్మనే ఉండిపోద్ది. అదే పిందౌద్ది. ఈ వాన బొడిపెలతో సహా దులిపేసినాది."

"మరి చెట్లు?"

"అరటి పిలకలకి సెప్పేసినాను."

కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. నేను అడిగి మరీ రెండోసారి వడ్డించుకున్నది వాళ్ల ఏడాది కాపు.

సాయంత్రం మావయ్య పార పట్టుకుని చెట్ల మొదళ్ల చుట్టూ నిలిచిన నీళ్లకు కాలవ తీస్తున్నాడు. "కొట్టేసే చెట్లకి ఇదంతా ఎందుకు మావయ్యా?" అన్నాను. "ఉన్నన్నాళ్లు ఏర్లు కుళ్లకూడదు కదేటి" అన్నాడు, పార ఆపకుండా.

వారం ముందే వెళ్లినా వాన ఆగేది కాదు, నాకు తెలుసు. కానీ నిండు పూతలో ఉన్న ఆ చెట్ల కింద ఆయన పక్కన ఒక్కసారి నిలబడి ఉండేదాన్ని. ఆయన పిలిచింది అందుకే. ఆ ఫోటోలు ఎవరికీ చూపించలేదు, చెరపనూ లేదు. పూత చూడాలనుకునేవాళ్లకు ఒక్క మాట: అది ఎన్నాళ్లో ఉండదు, తోటవాళ్లు ఎప్పుడు రమ్మంటే అప్పుడే బయల్దేరండి. వెళ్లాక నేల మీద పూలు కనిపిస్తే, బాగుందనేముందు తలెత్తి కొమ్మలు చూడండి.