మోకాళ్ళ కోసం చేసిన ప్రార్థన

ఆదివారం మందిరంలో మా ఆవిడ లేచి, "మావారి మోకాళ్ళ నొప్పుల కోసం ప్రార్థించండి" అని మనవి చేసింది. సంఘమంతా కన్నీళ్లతో ప్రార్థించింది. నా మోకాళ్ళు భేషుగ్గా ఉన్నాయి. అసలు బాధ మందిరంలో చెప్పుకునేది కాదు.

ఏడాదిగా పడకగదిలో నా ఒళ్ళు నా మాట వినడం లేదు. సిగ్గుతో అటు తిరిగి పడుకునేవాణ్ణి. నాకు తన మీద మనసు విరిగిందేమోనని ఆమె బెంగ. స్కూటరెక్కితే బైబిలు సంచి మా ఇద్దరి మధ్యా పెట్టేది. చివరికి జబ్బో, మనసో తేల్చుకుందామని తనే నన్ను బెజవాడలో డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

డాక్టరు గారు తలుపు వేసి, జలుబు గురించి అడిగినంత మామూలుగా అడిగారు. ఉన్నట్టుండి వచ్చిందా, మెల్లగానా? ఏం మందులు వాడుతున్నారు? సిగరెట్టుందా? తెల్లవారుజామున నిద్రలోనైనా గట్టిపడుతుందా? నాకు నోరు పెగల్లేదు.

"అప్పుడూ లేదండీ. మెల్లమెల్లగా తగ్గింది" అంది మా ఆవిడ, తల వంచుకునే.

"మనసులో తేడా అయితే నిద్రలో మామూలుగానే ఉంటుందమ్మా, చాలామందికి. ఇది ఒంట్లో తేడాలా ఉంది. పరీక్షలు చేద్దాం."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు ఆయన కాళ్ళు మొక్కాలనిపించింది.

బీపీ చూశారు, పాదాల దగ్గర నాడి పట్టి చూశారు, తెర వెనక పరీక్ష చేశారు. పరగడుపున రక్తం తీయించారు. మూడు నెలల సగటు షుగరు బాగా ఎక్కువని తేలింది.

"అక్కడి రక్తనాళాలు సన్నవి, అందుకే దెబ్బ ముందు అక్కడ తెలుస్తుంది. గుండె దాకా పోకముందే వచ్చారు" అన్నారు.

మందులూ, నడకా మొదలయ్యాయి. కొన్నాళ్ళకు ఒళ్ళు మళ్ళీ దారికొచ్చింది. ఇక మందిరంలో, మేలు జరిగిందని సాక్ష్యం చెప్పక తప్పదు కదా, ప్రార్థించినవాళ్ళు ఎదురుచూస్తారు. లేచి నిలబడ్డాను.

"నాకు షుగరుందని ముదరకముందే తెలిసింది. విసుక్కోకుండా అన్నీ అడిగిన డాక్టరు గారి కోసం, నాకు నోరు రానప్పుడు జవాబు చెప్పిన నా భార్య కోసం దేవునికి వందనాలు."

"మరి మోకాళ్ళో?" అన్నారు వెనక నుంచి ఒక పెద్దావిడ.

"బాగున్నాయండీ, చాలా బాగున్నాయి" అంది మా ఆవిడ, నవ్వు ఆపుకోలేక.

ఇంటికి బయలుదేరినప్పుడు బైబిలు సంచి స్కూటరు హ్యాండిలుకు తగిలించి, నా నడుం పట్టుకుని కూర్చుంది.