అమ్మ పగటినిద్ర

అమ్మకి ఎక్కువగా నైట్ డ్యూటీలే పడేవి. పొద్దున ఇంటికొచ్చి, స్నానం చేసి, ఇంత ఏదో తిని, కళ్ల మీద తడిగుడ్డ వేసుకుని పడుకునేది. కరోల్ బాగ్‌లో ఒక పాత ఇంటి డాబా మీద మాకు రెండు గదులుండేవి. రెండంటే ఒకటి వంటగది. నాన్న నా చిన్నప్పుడే పోయారు. ఆ తర్వాత ఒక పెద్దాసుపత్రిలో నర్సు ఉద్యోగం వస్తే, అమ్మ నన్ను తీసుకుని భీమవరం నుంచి ఢిల్లీ వచ్చేసింది.

కాబట్టి నేను చప్పుడు చేయకుండా పెరిగాను. గిన్నె కింద పెడితే మోగకూడదు. తలుపు గడియ వేళ్లతో పట్టుకుని మెల్లగా దించాలి. ఎండాకాలం సెలవుల్లో మరీ కష్టం. బయట వడగాలి, కిటికీలన్నీ మూసేసి ఉండేవి. ఒకే గదిలో, ఒకే కూలర్ ముందు ఆమె నిద్రపోతుంటే నేను గోడకి ఆనుకుని పుస్తకం పేజీలు కూడా జాగ్రత్తగా తిప్పేదాన్ని.

గిటార్ నాకు చర్చిలో అబ్బింది. ఆదివారం తెలుగు ఆరాధనలో వాయించే మనిషి లేకపోతే పాస్టరుగారి భార్య నాకు నేర్పారు. ధౌలా కువాన్ దగ్గరి కాలేజీలో చేరాక, అక్కడి హాస్టల్లో ఉండే షిల్లాంగ్ అమ్మాయి ఒకతె నా చేతివేళ్ల మీది కాయలు చూసి, "గిటార్ బజాతీ హై క్యా?" అని అడిగింది. మర్నాడు ఒక కేసెట్ తెచ్చిచ్చింది. ఎన్ని చేతులు మారి, ఎన్నిసార్లు కాపీ అయిందోగాని అందులో పాటకంటే గరగర ఎక్కువ. అయినా విన్నాను, మళ్లీ మళ్లీ విన్నాను. చర్చిలో నేను వాయించే స్వరాలే అవి. కానీ ఎవరో వాటిని పళ్లు బిగించి వాయిస్తున్నట్టుగా ఉంది.

తొంభైల నడిమి సంవత్సరాలవి. పైకి కనిపించని సంగీతం ఒకటి అప్పుడు ఢిల్లీలో ఉండేది. బస్టాపు స్తంభాల మీద జిరాక్సు కాగితాలు అంటించేవాళ్లు, వాటి మీద వీధి పేరూ వేళా తప్ప ఇంకేమీ ఉండేది కాదు. వెతుక్కుంటూ వెళితే ఏ దుకాణం కిందో, మూతపడ్డ ఏ రెస్టారెంటు కిందో బేస్‌మెంట్. మిట్టమధ్యాహ్నం కార్యక్రమం. ఎందుకంటే చీకటి పడేలోగా ఆడపిల్లలం ఇళ్లకీ హాస్టళ్లకీ చేరాలి. ఆ మండుటెండలో నల్ల టీషర్టులేసుకుని వచ్చేవాళ్లు కుర్రాళ్లు. మెట్లు దిగుతుంటే చల్లటి తడివాసన, ఆ తర్వాత గుండెల మీద కొట్టే డ్రమ్స్ చప్పుడు. అక్కడ ఎంత గట్టిగా అరిచినా ఎవరి నిద్రా చెడదు. నన్ను ముందుగా పట్టుకుంది అదే.

మేం ముగ్గురం ఒక బృందం కట్టాం. షిల్లాంగ్ అమ్మాయి పాడేది, నేను గిటార్, డ్రమ్స్‌కి మా క్లాసులోని పంజాబీ కుర్రాడు. వాళ్ల నాన్నది దుప్పట్ల దుకాణం. దాని కింది గోదాములో, దుప్పట్ల మూటల మధ్య మా ప్రాక్టీసు.

"మాది అండర్‌గ్రౌండ్ మ్యూజిక్ అమ్మా" అని నేను చెప్పిన రోజున అన్నం కలుపుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"అండర్‌గ్రౌండేంటే? అడవుల్లోకి పోయేవాళ్లా?"

"అది కాదమ్మా. బేస్‌మెంట్లలో వాయిస్తాం. అంతే."

"దేవుడి పాటలా?"

"కాదు."

"బూతులా?"

"అబ్బే. కోపంగా పాడే పాటలు."

"ఎవరిమీద కోపం?"

నేను మంచినీళ్ల గ్లాసు అందుకున్నాను. అమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని, "అదేదో ముందు తెలుసుకోండి మరి" అంది. ఆ తర్వాత ఎప్పుడూ వద్దనలేదు.

రెండో ఏడాది ఎండాకాలంలో మాకు మొదటి కార్యక్రమం దొరికింది. అది కుదిరిన వారంలోనే గోదాము పోయింది. దుప్పట్లకంటే ఐఏఎస్ కోచింగ్ వాళ్లు మంచి అద్దె ఇస్తామన్నారట. మూటలు పైకెళ్లాయి, కిందకి బెంచీలు దిగాయి. మాకు ఇంకో చోటు దొరకలేదు. ఆ రోజు నేను ముఖం వేలాడేసుకుని కూర్చుంటే అమ్మ కారణం అడిగింది, చెప్పాను.

ఒకటి రెండు రోజుల తర్వాత డ్యూటీకి బయల్దేరుతూ, చెప్పులేసుకుంటూ అంది.

"మన చర్చి ఆంటీ లేదూ, హాస్పిటల్ క్వార్టర్స్‌లో ఉంటది, వాళ్లు కొత్త కూలర్ కొన్నారు. పగలు అక్కడ పడుకోమంటంది. డ్యూటీ దిగి అటే పోతాను. ఎండలో బస్సు బాధ తప్పుద్ది. సాయంత్రం వచ్చి వంట చేసి మళ్లీ డ్యూటీకి పోతాలే. నీ స్నేహితుల్ని ఇక్కడికే రమ్మను."

"చప్పుడవుతుందేమో అమ్మా."

"ఎవరికే? కిందవాళ్లు సెలవులకి డెహ్రాడూన్ పోయారు. చుట్టూ అన్ని ఇళ్లల్లోనూ కూలర్ల మోతే. వాయించుకోండి."

నేనామె మెడ చుట్టూ చేతులేశాను. ఆంటీవాళ్లంటే పరాయివాళ్లేం కాదు, భీమవరం పక్క ఊరివాళ్లే. అనుమానపడాల్సిన అవసరమే కనిపించలేదు.

ఆ ఎండాకాలం మా గదిలో పండగే. డ్రమ్స్ మొత్తం పైకెక్కించలేక ఒక చిన్న డ్రమ్మూ, మా బియ్యం డబ్బా మూతా వాడేవాళ్లం. షిల్లాంగ్ అమ్మాయి మా అమ్మ మంచం మీద నిలబడి పాడేది. మధ్యలో పుచ్చకాయ కోసుకుని, గింజలు డాబా మీదకి ఎవరు ఎక్కువ దూరం ఉమ్ముతారో పందేలు వేసుకునేవాళ్లం. సాయంత్రం అమ్మ వచ్చేసరికి గది సర్దేసేదాన్ని. ఆమె బెండకాయలు తరుగుతూ మేం ఎక్కడిదాకా వచ్చామో అడిగేది. ఒకసారి ఆమె మోచేతి మీద ఎర్రగా గీతలు పడి ఉన్నాయి. ఆంటీవాళ్ల నవారు మంచం గుర్తులనుకున్నాను. ఇంకోసారి బియ్యం కడుగుతూ, చేతులు నీళ్లలో ఉండగానే నిలబడి కునికింది. "బాగా ఎండలుగా" అంది. నేనూ అంతే అనుకున్నాను. ఆంటీ చర్చికి రాకపోయినా ఎండలకే అనుకున్నాను.

కార్యక్రమం ఒక శనివారం మధ్యాహ్నం. అమ్మ వస్తానంటే నమ్మలేదు కానీ వచ్చింది. ఉతికిన వాయిల్ చీరలో, చంకలో చేతిసంచితో మెట్లు దిగింది. కింద నల్ల టీషర్టుల గుంపు, పొగ, చెమట. ఎవరో మర్యాదగా, "ఆంటీ, ఆప్ యహా బైఠియే" అని చివరి మెట్టు మీద చోటిచ్చారు. మేం మొదలుపెట్టాం. రెండో పాటలో కరెంటు పోయింది. నా గిటార్ నాకే వినిపించలేదు. షిల్లాంగ్ అమ్మాయి మాత్రం ఆపలేదు. మైకు పక్కన పెట్టి, ఆ చీకట్లో అలాగే గొంతెత్తి పాడింది. డ్రమ్స్ తోడున్నాయి. ఎవరో ఒకరి తర్వాత ఒకరు లైటర్లు వెలిగించారు. జనరేటర్ అందుకుని లైట్లు వచ్చేసరికి గుంపంతా గెంతుతూ కేకలు వేస్తోంది. జీవితంలో అంత సంతోషం నాకు అంతకుముందు తెలియదు.

అప్పుడు అమ్మవైపు చూశాను. గోడకి తల ఆనించి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. చెవులు చిల్లులుపడే ఆ మోతలో, అడుగు దూరంలో జనం గెంతుతుంటే, కదలకుండా పడుకుంది. డ్రమ్స్ కుర్రాడు కర్రతో చూపించి, "దేఖ్, ఆంటీ సో గయీ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మైకులోనే అన్నాను, మా పాటల్ని మా అమ్మ జోలపాటలనుకుంటోందని. ఇంకా నవ్వారు. అమ్మ లేవలేదు.

వానలు మొదలై, స్కూళ్లు తెరిచాక ఒక ఆదివారం ఆరాధన అయిపోయి చెప్పులు వెతుక్కుంటుంటే ఆంటీ కనిపించింది. నా చేతిలో మామిడి తాండ్ర పొట్లం పెట్టింది.

"వందనాలు ఆంటీ. బాగున్నారా?"

"ఏం బాగులే తల్లీ. మా అత్తగారికి పక్షవాతం వచ్చి ఎండాకాలమంతా ఊళ్లోనే ఉండిపోయాం. ఈ గురువారమే వచ్చాం. ఇల్లు తాళం తీస్తే ఒకటే దుమ్ము. కొత్త కూలర్ కొని ఒక్కరోజు వాడలేదు, దాని నిండా పావురాలు గూళ్లు కట్టేశాయి."

అమ్మ కొంచెం అవతల పాస్టరుగారితో మాట్లాడుతోంది. ఇద్దరం బస్సెక్కి ఇంటికొచ్చాం. తలుపు మూసి అడిగాను.

"ఎక్కడ పడుకున్నావమ్మా?"

ఆమె తాండ్ర పొట్లం చూసింది. అబద్ధం ఆడబోయి, మానేసింది.

"ఓపీ హాల్లో. కుర్చీలుంటాయిగా."

"నర్సుల రూములో పడుకోకూడదా?"

"అక్కడైతే ఏదో ఒక పనికి లేపుతానే ఉంటారు. తెల్లచీర మార్చేసి హాల్లో కూర్చుంటే ఎవరో పేషెంటు తాలూకు మనిషి అనుకుంటారు. మధ్యాహ్నం దాకే రద్దీ. తర్వాత హాలు ఖాళీయే, బెంచీ మీద నడుం వాల్చొచ్చు."

"నాతో చెప్పొచ్చుగా?"

"చెప్తే మానేసేదానివి."

నిజమే, మానేసేదాన్ని. అందుకే కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎవరినీ మోసం చెయ్యలేదు నేను, ఏదీ దాచలేదు. అయినా ఆ మెట్టు మీద నోరు తెరుచుకుని పడుకున్న ముఖం, మైకులో నా మాట, ఆ నవ్వులు కళ్లముందు నుంచి పోలేదు. మోచేతి మీది గీతలు ఏ కుర్చీవో అర్థమైంది.

మర్నాడు కాలేజీ ఎగ్గొట్టి ఆ హాలుకి వెళ్లాను. రద్దీ వేళ. ప్లాస్టిక్ వైరు అల్లిన కుర్చీల్లో ఒకటి దొరికించుకుని కూర్చుని కళ్లు మూసుకున్నాను. పేర్లు పిలుస్తున్నారు, పిల్లలు ఏడుస్తున్నారు, ఫినాయిల్ వాసన, పైన ఫ్యాను గాలి కిందికి రావడం లేదు. పక్కనున్న ముసలామె నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఎవరిని చేర్చారు బేటీ?" అని హిందీలో అడిగింది.

"మా అమ్మ" అనేశాను. ఎందుకన్నానో తెలియదు.

"ఠీక్ హో జాయేగీ" అని ధైర్యం చెప్పి, ఆమె తన మూట విప్పి ఒక రొట్టె నా చేతిలో పెట్టింది. నేను ఎక్కువసేపు అక్కడ కూర్చోలేకపోయాను.

గిటార్ సంచిలో పెట్టి అటక మీద పడేశాను. ఇకనుంచి వాయించనని అమ్మతో చెప్పాను. ఆమెకి అంత కోపం రావడం నేను అరుదుగా చూశాను.

"నువ్వు మానేస్తే ఆ నిద్ర నాకు తిరిగొస్తదా? చెప్పు. రెండూ దండగ చేస్తావా?"

నేను మూడు వారాలు మొండికేశాను. చివరికి ఒక ఆదివారం చర్చిలో వాయించే మనిషి లేక పాట తప్పిపోతుంటే నేనే లేచి వెళ్లాను. బృందం ఇంకో ఏడాది నడిచింది, వేరే బేస్‌మెంట్లలో. డిగ్రీ అయ్యాక షిల్లాంగ్ అమ్మాయి వాళ్ల ఊరు వెళ్లిపోయింది. డ్రమ్స్ కుర్రాడు దుప్పట్ల దుకాణంలో కూర్చున్నాడు. నేను ఒక స్కూల్లో సంగీతం టీచరునయ్యాను.

ఇప్పుడు అమ్మా నేనూ ఢిల్లీ అంచున వైశాలిలో ఉంటున్నాం. రిటైరయ్యాక ఆమెకి రాత్రిళ్లు నిద్ర పట్టదు. పగలు పడుకోబోతే అలవాటుగా కళ్ల మీద తడిగుడ్డ వేసుకుంటుంది. ఈమధ్య బఠాణీలు ఒలుస్తూ ఉండగా ఆ ఎండాకాలం సంగతి నేనే ఎత్తాను. ఎప్పుడూ ఎత్తేది నేనే.

"ఎందుకే ఇంకా దాన్ని పట్టుకుని వేలాడతావు?" అంది. "అక్కడ నాకు హాయిగానే ఉండేది. చుట్టూ అంతమంది ఉన్నా ఒక్కళ్లూ 'సిస్టర్' అని పిలిచేవాళ్లు కాదు. ఎవరో బీహారు ఆవిడ రోజూ నాకు కూడా రొట్టె తెచ్చేది. ఎవరికి బాగోలేదని అడిగితే, మా అమ్మాయికి అని చెప్పేదాన్ని."

నా కోసం కల్పించి చెప్పిందో, నిజంగా జరిగిందో తెలియదు. అడిగినా చెప్పదు. ఒలిచిన బఠాణీల గిన్నె నావైపు తోసి, మోకాళ్లు పట్టుకుని లేచి, నీళ్లు తాగడానికి వంటింట్లోకి వెళ్లింది.